మన్యపు బాలబాలికలు – పిల్లికూతలు

అనంతగిరి కొండలు దాటి అరకులోయ చేరిన యాత్రికుడు మొదట మెచ్చుకొనునది అచ్చటి గాలిని. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున, కాఫీతోటల నడుమ, కర్మాగారముల పొగ సోకని చోట ఉబ్బసమునకు తావెక్కడిదని అతడు తలచును. ఈ తలపు సగమే నిజము. కొండగాలి మంచిదగుట వేరు, ఆ కొండమీది పిల్లవాని ఊపిరి సుఖముగా సాగుట వేరు.

ఉబ్బసమున ఊపిరితిత్తులలోనికి గాలిని కొనిపోవు సన్నని గొట్టములు వాచి, వాని చుట్టునున్న కండరములు బిగిసి, దారి ఇరుకగును. ఆ ఇరుకుదారిని గాలి వెడలునపుడు ఈల వంటి చప్పుడు పుట్టును. మనవారు దానిని ‘పిల్లికూతలు’ అన్నారు. ముక్కు లోపలి పొర సరిపడని వస్తువు సోకి రేగినచో వరుస తుమ్ములు, నీరు కారుట, ముక్కుదిబ్బడ, కన్నుల దురద కలుగును. ముక్కును, ఊపిరితిత్తులును ఒకే దారికి రెండు కొసలు. కనుకనే ఉబ్బసము గలవారిలో పెక్కుమందికి ముక్కుబాధయు తోడై యుండును.

ఇట్టి బాధలు ఎందరికి గలవో తెలిసికొనుటకు 1991లో ‘ఐసాక్’ అను అంతర్జాతీయ పరిశోధన ఆరంభమైనది. 1998లో వెలువడిన దాని ఫలితములు 56 దేశములలోని 155 కేంద్రములకు చెందినవి. 13, 14 ఏండ్ల వయసువారినే 4 లక్షల 60 వేలమందికి పైగా ప్రశ్నించిరి. ఒక కేంద్రమునకు, మరియొక కేంద్రమునకు 20 రెట్లు మొదలు 60 రెట్ల వరకు భేదము కనబడినది. బ్రిటను, ఆస్ట్రేలియా, న్యూజీలాండులలో ఉబ్బస లక్షణములు మిక్కిలి హెచ్చు. ఇండొనీషియా, చైనా, భారతదేశములలో తక్కువ.

అంకెలకంటె వాటిని రాబట్టిన తీరు మనకు ముఖ్యము. అడిగినది ముందుగా రోగము పేరు కాదు. గడచిన పండ్రెండు మాసములలో రొమ్మున ఈలచప్పుడు వచ్చినదా, జలుబుగాని జ్వరముగాని లేనపుడు తుమ్ములు వచ్చినవా అని లక్షణములనే అడిగిరి. ఆ చప్పుడును తెలుపు మాట అన్ని భాషలలో ఒక్కతీరుగ నుండదు గనుక, పెక్కు కేంద్రములలో ఆయాసపడువారి చలనచిత్రమును చూపి, ‘నీకు ఎపుడైన ఇట్లయినదా?’ అని ప్రశ్నించిరి.

ఈ పద్ధతి మన్యమునకు చక్కగా తగినది. అచ్చట తెలుగుతో పాటు కువి, ఆదివాసీ ఒరియా మొదలైన భాషలు వాడుకలో నున్నవి. ఉపాధ్యాయుడు ‘ఉబ్బసమున్నదా?’ అన్నచో, ఆ మాట ఎరుగని పిల్లవాడు లేదనును. ఎరిగినవాడు ఆటలకు పిలువరేమోనని లేదనును. కట్టెలమోపుతో మెట్ట ఎక్కలేక ఆగిన బాలికను బద్ధకురాలందురే గాని, ఆమె రొమ్మున చెవియొగ్గి వినువారు అరుదు. రోగుల లెక్క తగ్గినంత మాత్రమున రోగము తగ్గినట్లు కాదు. 2019 నాటి అంచనా ప్రకారము ప్రపంచపు ఉబ్బస రోగులలో నూటికి 13 మంది మన దేశీయులు. ఆ రోగమున మరణించువారిలో మాత్రము నూటికి 40 మందికి పైగా మనవారే. రోగమును ఆలస్యముగ గుర్తించుట, సరియైన మందు అందకపోవుట ఇందుకు ముఖ్యకారణములు.

మన్యమున ఊపిరిని రేపునవి ఏవి? గాలి ఆడని ఇంట కట్టెలపొయ్యి పొగ మొదటిది. పోడు కొరకు కొట్టిన పొదలను తగులబెట్టు పొగ రెండవది. డిసెంబరు, జనవరి మాసముల చలి మూడవది. చెమ్మగిలిన దుప్పట్లలో పెరుగు, కంటికానని ధూళిపురుగులు నాలుగవవి. శీతకాలపు ఆరంభమున పొలములను పసుపుపచ్చగా కప్పు వలిసెపూవులపై కొందరు నేరము మోపుదురు. వలిసె పుప్పొడి తేనెటీగల కాళ్ళకంటి పోవునది. గాలిలో దూరము సాగునది గడ్డిపూల సన్నని పుప్పొడి. కంటికి మెరసినదెల్ల ముక్కునకు శత్రువు కాదు.

నివారణ మన చేతులలో చాలవరకు గలదు. పొగ బయటికి పోవు మార్గముంచవలెను. ఆశ్రమపాఠశాలలలో దుప్పట్లను వేడినీట ఉతికి ఎండవేయవలెను. దగ్గు రెండు వారములు మించినచో క్షయ పరీక్ష తప్పదు. ప్రతి దగ్గును క్షయయని భయపడుటయు, ఉబ్బసమని ఉపేక్షించుటయు తగదు. పీల్చుమందు అలవాటై వదలదను భయము నిరాధారము. అది అల్పమాత్రలో నేరుగా ఊపిరి గొట్టములకే చేరును. వాపును అణచు మందును వైద్యుడు చెప్పినన్నాళ్ళు వాడవలెను. ఆయాసము తగ్గినదని నడుమ మానరాదు. మాటాడలేనంత ఆయాసము వచ్చినను, పెదవులు నీలమైనను క్షణమాగక ఆసుపత్రికి చేర్చవలెను.

తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును పిల్లలను మూడు ప్రశ్నలు అడుగవలెను. పరుగెత్తిన పిమ్మట రొమ్మున పిల్లికూతలు వినబడునా? రాత్రి దగ్గు నిద్ర లేపునా? జలుబు లేకయే తుమ్ములు, కన్నుల దురద వచ్చునా? ఆ పిల్లల ఇంటి భాషలో అడుగవలెను. మాట తెలియనిచో ఆ చప్పుడు చేసి చూపవలెను. అవునని ఒక్క తల ఊగినను, ఆ బిడ్డను వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తీసికొని పోవలెను.