పనివాడి నడుము పట్టీ
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో చదువు గురించి మాట్లాడమంటారు, మేమూ ఆ నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటాం. ఈసారి చేతిపని నేర్చిన మన కుర్రవాళ్ళు నడుముకు కట్టుకునే టూల్ బెల్టు గురించి చెప్పదలచాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే మాస్టరుకు ఈ సంగతి ఎందుకని మీరు నవ్వవచ్చు. నిరుడు మన సంఘం తరఫున ఆ బెల్టులు కొని తెచ్చిన ముగ్గురిలో మేమూ ఒకరం. ఆ లెక్క మీకు అప్పజెప్పవలసిన బాధ్యత మా మీద ఉంది.

ఐ.టి.ఐ. ముగించిన పన్నెండుమందికి నిరుడు ఇదే వేదిక మీద బెల్టులు ఇచ్చాం. పన్నెండూ ఒకే రకం, ఒకే కొలత. ఒక్కోదానికి ఇరవై జేబులు. ఎన్ని జేబులుంటే అంత మంచిదనుకున్నాం. ఎలక్ట్రీషియనుకూ అదే, వడ్రంగికీ అదే, వెల్డరుకూ అదే. ఫోటోలు బాగా వచ్చాయి. చప్పట్లు కూడా కొట్టారు.

ఆరు నెలల తర్వాత ఒక కబురు తెలిసింది. ఆ పన్నెండుమందిలో ఒకడు, మా దగ్గర పదో తరగతి చదివినవాడే, ఫ్యాను బిగిస్తూ నిచ్చెన మీదినుంచి జారి కూలబడ్డాడు. పాంటు వెనుక జేబులో ఉన్న స్క్రూడ్రైవరు తుంటిలో దిగింది. అల్లా దయవల్ల ఎముకకు తగల్లేదు. అయినా నెల రోజులు పనిలేదు. ఆ ఇంట్లో సంపాదించేది వాడొక్కడే.

చూడబోయాం. గోడ మేకుకు మనమిచ్చిన బెల్టు వేలాడుతోంది. దాని జేబుల్లో గరిటెలు, వెల్లుల్లిపాయలు! వాళ్ళమ్మ చాయ్ తెచ్చి ఇస్తూ, "మాస్టరు సాబ్, తప్పుగా అనుకోవద్దు. అది ఎద్దుకు కట్టే పట్టెడలాగా ఉంది. మావాడి నడుముకు నిలవదు, జారిపోతుంది" అంది. మరి మాకు ముందే ఎందుకు చెప్పలేదురా అని వాణ్ణి అడిగాం. "పెద్దలు ఇచ్చింది కదా సార్, బాగోలేదంటే నొచ్చుకుంటారని" అన్నాడు.

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఇచ్చేవాడు అడగకపోతే, పుచ్చుకునేవాడు చెప్పడు. తప్పు కుర్రవాడిది కాదు, మాది. అందుకే తర్వాత కొంతకాలం మేస్త్రీల దగ్గరా, మెకానిక్కుల దగ్గరా కూర్చుని, మేమే విద్యార్థులమై నేర్చుకున్నాం. నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

మొదటిది, పనిని బట్టి సంచి. వడ్రంగికి లోతైన మేకుల సంచి కావాలి, సుత్తికి పక్కన ఒక కొక్కెం కావాలి. కుడిచేత్తో సుత్తి పట్టేవాడు మేకులు ఎడమచేత్తో తీస్తాడు గనుక మేకుల సంచి ఎడమవైపు ఉండాలి, సుత్తి కుడివైపు. ఎడమచేతి వాటం వాడికి ఇది తలకిందులు. ఉలి మొనకు తొడుగు ఉండాలి. ఎలక్ట్రీషియనుకు కటింగ్ ప్లయరు, టెస్టరు, రెండు మూడు స్క్రూడ్రైవర్లు నిలువుగా నిలిచే ఇరుకు జేబులు కావాలి, ఇన్సులేషన్ టేపుకు ఒక పట్టీ కావాలి. అతని బెల్టుకు ఇనుప గొలుసులు, వేలాడే లోహపు ముక్కలు పనికిరావు. ప్లాస్టిక్ బకిల్ మేలు. పనిముట్ల పిడుల మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అని ఉన్నవి చూసి కొనాలి. అలాంటివి చేతిలో ఉన్నా మెయిన్ ఆపకుండా తీగ ముట్టుకోరాదు, అది వేరే మాట.

రెండోది, గుడ్డా, తోలా? నైలాను తేలిక, వానకు తడిసినా తొందరగా ఆరుతుంది. కాని నిప్పురవ్వ పడితే కరిగి చిల్లు పడుతుంది. కాబట్టి వెల్డింగు, గ్రైండింగు చేసేవాడికి తోలే మేలు. తోలు బరువు. తడిస్తే బిర్రబిగుస్తుంది, వానాకాలంలో బూజు పడుతుంది. అప్పుడప్పుడు నూనె రాయాలి, నీడన ఆరబెట్టాలి. ఆ ఓపిక ఉన్నవాడికి తోలు చాలాకాలం నడుస్తుంది. మందపు కాన్వాసు ఈ రెంటికీ నడుమ. ఏదైనా సరే, జేబు మూలల్లో రివెట్లు ఉన్నాయా, కుట్టు రెండు వరసలుందా చూడాలి. జేబు ముందు తెగేది అక్కడే.

మూడోది, నడుము. బెల్టు పట్టీ రెండు మూడు అంగుళాల వెడల్పు ఉంటే బరువు పరుచుకుంటుంది. సన్నపట్టీ అయితే కోసుకుపోతుంది. కొలత పనిబట్టల మీద తియ్యాలి. బరువు రెండు తుంట్లకూ సమంగా పడాలి. వెన్నుపూస మీద ఏ పనిముట్టూ ఉండరాదు, వెనక్కి పడితే అదే వెన్నులో గుచ్చుకుంటుంది. సన్న నడుము వాడికి, ఎక్కువ బరువు మోసేవాడికి భుజాల మీదినుంచి వచ్చే పట్టీలుండాలి. ఆ రోజు పనికి ఏవి కావాలో అవే నడుముకు కట్టి, మిగతావి పెట్టెలో ఉంచాలి. ఇరవై జేబులిస్తే ఇరవై జేబులూ నింపుతాం, అది మనిషి స్వభావం.

నాలుగోది, కింద నడిచేవాళ్ళు. పది మీటర్ల ఎత్తు, అంటే సుమారు మూడంతస్తులు, అక్కణ్ణుంచి జారిన సుత్తి నేలకు చేరేసరికి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మా సైన్సు మాస్టరుగారు నల్లబల్ల మీద లెక్క వేసి చూపించారు. కనుక ఎత్తున పనిచేసేవాడికి మూతలున్న జేబులు కావాలి, పనిముట్టుకు తాడు కట్టి బెల్టుకు తగిలించాలి.

తల్లిదండ్రులు ముఖ్యంగా వినవలసిన సంగతి ఇంకొకటి. టూల్ బెల్టు వేరు, పడిపోకుండా కాపాడే రక్షణ పట్టీ వేరు. పనిముట్ల బెల్టుకు తాడు కట్టి వేలాడబోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎత్తున పనికి భుజాలను, తొడలను కలిపి పట్టే పూర్తి హార్నెస్ ఉండాలి. మన దేశంలో దానికి ఐ.ఎస్. 3521 అనే ప్రమాణం ఉంది. మీ అబ్బాయి ఎత్తున పనికి వెళ్తున్నాడంటే, కూలి ఎంత అని అడిగేముందు హార్నెస్ ఇస్తున్నారా అని అడగండి.

ఇక మా విజ్ఞప్తి. ఈ ఏడు బెల్టులు ముందుగా కొనవద్దు. ప్రతి కుర్రవాణ్ణీ పిలిచి, ఏం పని, ఏ చెయ్యి వాటం, నడుము ఎంత అని ఒక కాగితం మీద రాసుకుందాం. నమూనా ఒకటి తెప్పించి, వాడి పనిముట్లు వాడి చేతే పెట్టించి, బడి నిచ్చెన ఎక్కించి, వంగమని, గొంతుకూర్చోమని చూద్దాం. జారినా, గుచ్చుకున్నా అది వద్దు. కావలసినట్టు బజారులో దొరక్కపోతే మన ఊళ్ళోనే తోలుపని, టార్పాలిన్ కుట్టుపని చేసేవాళ్ళున్నారు. కొలతలిచ్చి కుట్టిద్దాం. ఆ డబ్బు కూడా ఊళ్ళోనే ఉంటుంది. వేదిక మీద ఇచ్చే రోజు కొంచెం ఆలస్యమైతే కానివ్వండి.

ఆ అబ్బాయి ఇప్పుడు మళ్ళీ పనికి వెళ్తున్నాడు. గరిటెల బెల్టులోని మంచి జేబులు ఆరు విప్పి, వాళ్ళమ్మే పాత కాన్వాసు పట్టీకి కుట్టి ఇచ్చింది. మొన్న మా బడిలో ఫ్యాను బాగుచేయడానికి అదే కట్టుకుని వచ్చాడు. వెనుక జేబు ఖాళీగా ఉందా లేదా అని మేము ముందు అదే చూశాం. ఖాళీగా ఉంది.

మేము ముగ్గురం కూర్చుని కొన్న దానికంటే ఆ తల్లి కుట్టినదే సరైన బెల్టు. ఆమెను ఈ ఏటి ఎంపిక కమిటీలో చేర్చుకోవాలని ప్రతిపాదిస్తున్నాము.