లాగిన్ బటన్ వెనక ఎవరున్నారు?



స్త్రీల ఫిర్యాదుల కోసం మనం తయారుచేయించుకుంటున్న వెబ్ అప్లికేషన్‌లో 'గూగుల్‌తో లాగిన్' బటన్ పెడితే పాస్‌వర్డ్ బాధ తప్పుతుందని మనకి సాయం చేస్తున్న ఇంజినీరు అమ్మాయిలు అంటున్నారు. నిజమే. పాస్‌వర్డ్ మన దగ్గర లేకపోతే మన దగ్గర దాన్ని దొంగిలించేవాళ్ళూ ఉండరు. నా అభ్యంతరం వేరే.

ఇది పనిచేసే తీరు కష్టమైనదేం కాదు. మన అప్లికేషన్‌ని గూగుల్ దగ్గర నమోదు చేస్తే ఒక గుర్తింపు, ఒక రహస్య సంకేతం ఇస్తారు. మనిషిని తిరిగి ఏ చిరునామాకి పంపాలో ముందే రాసివ్వాలి. అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. బటన్ నొక్కిన స్త్రీ గూగుల్ పేజీకి వెళ్ళి, అనుమతిచ్చి, ఒక కోడ్‌తో తిరిగొస్తుంది. ఆ కోడ్‌నీ, రహస్య సంకేతాన్నీ మన సర్వర్ చూపిస్తే, ఆమె ఎవరో గూగుల్ చెబుతుంది. 2012 నాటి ఓఆత్ 2.0, దానిమీద 2014లో వచ్చిన ఓపెన్ ఐడీ కనెక్ట్ ప్రమాణాల సారం ఇదే.

'ఆమె ఎవరో' అన్నచోటే పేచీ. ఒక అకౌంటంటే ఒక వ్యక్తి అని ఈ ఏర్పాటు నమ్ముతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తామే వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతమే. ఆ ఫోన్లలోనూ చాలావాటిలో అకౌంటు తెరిచింది భర్తో, తమ్ముడో, సెల్ షాపు కుర్రాడో. (రేషన్ కార్డులో స్త్రీని కుటుంబ పెద్దగా రాయించడానికి 2013లో చట్టమే కావలసి వచ్చింది!) భర్త అదే అకౌంటు తెరిస్తే, దానితో కలిపిన అప్లికేషన్ల జాబితాలో మన పేరు కనబడుతుంది. అతనే ఆ బటన్ నొక్కితే ఆమె ఫిర్యాదు మొత్తం చదవగలడు. మన సర్వర్ దృష్టిలో అతనే ఆమె. ఆమె మన అప్లికేషన్ నుంచి లాగౌట్ అయినా, ఫోన్లో గూగుల్ అకౌంటు తెరిచే ఉంటుంది.

బటన్ అసలే వద్దని నేననను. సొంత అకౌంటు, సొంత ఫోను ఉన్న స్త్రీకి అది సుఖమే. కానీ పక్కన రెండో దారి ఉండాలి: మన కార్యకర్త స్వయంగా ఇచ్చే నంబరు, ఆమె గుర్తుపెట్టుకునే పిన్. ఓటీపీ కాదు, ఆ ఫోనూ అతని చేతిలో ఉండొచ్చు. ఏ దారిన వచ్చినా ఫిర్యాదు తెరవడానికి ఆ పిన్ అడగాలి. గూగుల్ నుంచి పేరు, ఫొటో, ఈమెయిల్ తీసుకోవద్దు. ఆ అకౌంటుకి వాళ్ళిచ్చే మారని సంఖ్య ఒక్కటి చాలు. అప్లికేషన్ పేరులో 'హింస' అనే మాట తీసేద్దాం, జాబితాలో కనబడేది ఆ పేరే.

వీటికి ఇంకో నెల పడుతుందంటున్నారు. ఆగుదామని నా ప్రతిపాదన.