సంఘమునకు కీబోర్డు: ఎంపికకు ముందు విచారింపవలసినవి



బెంగాల్ నాగపూర్ రైల్వే దినములనుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు జీవనోపాధికై ఖరగపూరునకు వచ్చి స్థిరపడిరి. తమతోబాటు భాషను, పండుగలను, పద్యమును, పాటను గూడ దెచ్చుకొనిరి. 1955లో ఆగ్నేయ రైల్వే యేర్పడిన పిదపను ఆ సంప్రదాయము సాగినది. నేడు రైల్వే క్వార్టర్లలో పెరుగుచున్న పిల్లలకు బడిలో హిందీ, ఇంగ్లీషు, వీథిలో బెంగాలీ. వారి నోట తెలుగు నిలుచుటకు పాటవలె తోడ్పడునది వేఱొకటి లేదు. అందుచేత సభ్యుల చందాతో సంఘము కొనదలచిన కీబోర్డు పదేండ్లపాటు పిల్లల కుపయోగింపవలసిన వస్తువు. ఎంపిక తప్పినచో అది బీరువాలో నిదురించును. పాటయు దానితో నిదురించును.

మెట్ల వాద్యమును గూర్చిన వివాదము క్రొత్తది గాదు. చేతితో తిత్తి నూదుచు నేలపై గూర్చుండి వాయించు హార్మోనియమును పందొమ్మిదవ శతాబ్ది చివర కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ ప్రచారమునకు దెచ్చెను. అది తెలుగునాట పద్యనాటకమునకు ప్రాణమైనది. అయినను ఆకాశవాణి 1940 మొదలు 1971 వరకు దానిని దూరముగా నుంచినది. కారణములు ముఖ్యముగా రెండు. మెట్టునకును మెట్టునకును నడుమనున్న స్వరమును అది పలుకలేదు. గమకము దానికి లొంగదు. పైగా దాని శ్రుతులు పాశ్చాత్యుల సమవిభాగము ననుసరించినవి. నేటి కీబోర్డును పరీక్షించునపుడు గూడ మొదట నడుగవలసినవి ఈ రెండు ప్రశ్నలే.

వర్కుస్టేషను అనగా నేమి? ధ్వనులను సృష్టించు సింథసైజరు, వాయించినదానిని వరుసలు వరుసలుగా నమోదు చేయు సీక్వెన్సరు, ధ్వనికి మెరుగు పెట్టు సాధనములు ఒకే పెట్టెలో నమర్చిన వాద్యము. 1988లో వచ్చిన కోర్గ్ ఎం1 ఈ తరగతికి దారి చూపెను. దానికి 61 మెట్లు, 8 వరుసల సీక్వెన్సరు. ఒక్కసారిగా 16 స్వరములు పలికెడిది. పిమ్మట యమహా, రోలాండ్ సంస్థలు పోటీకి నిలిచినవి. యమహా 2018లో మోడెక్స్‌ను, రోలాండ్ 2019లో ఫాంటమ్ నూతన శ్రేణిని, కోర్గ్ 2020లో నాటిలస్‌ను వెలువరించినవి. భారతదేశపు వాడుకరులకై రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, ఎక్స్‌పీఎస్-30 లను, యమహా పీఎస్‌ఆర్-ఐ శ్రేణిని మన వాద్యముల ధ్వనులతో నందించినవి. పీఎస్‌ఆర్ జాతి అరేంజరు తరగతికి చెందినది. ఎడమచేతితో స్వరసముదాయమును నొక్కిన తాళవాద్యములు, తోడుధ్వనులు తమంత తామే నడచును. వర్కుస్టేషనులో ఆ కూర్పును వాద్యకారుడే చేసికొనవలెను. శక్తి హెచ్చు, శ్రమయు హెచ్చు.

ఇక గమకము. యమహా వర్కుస్టేషనులకు ఎడమప్రక్క రెండు చక్రములుండును. ఒకటి స్వరమును వంచుటకు, రెండవది కంపనాదుల కొఱకు. రోలాండునకు ఒకే మీట. ప్రక్కలకు ద్రిప్పిన స్వరము వంగును, ముందునకు నెట్టిన కంపించును. కోర్గునకు నలువైపుల దిరుగు చిన్న కఱ్ఱ వంటి జాయ్‌స్టిక్కు. కుడిచేయి స్వరమును బట్టగా ఎడమచేయి జారును, కంపితమును దీర్పవలెను. ఈ మూడింటిలో నేది మేలనునది కాగితము చెప్పదు. వాయించువాని చేయియే చెప్పవలెను.

రెండవది శ్రుతి. సమవిభాగమున స్థాయిలోని 12 మెట్లును ఒక్కొక్కటి 100 సెంట్ల దూరమున నుండును. పంచమమున దోషము 2 సెంట్లే, చెవికందదు. కాని అంతరగాంధారము శుద్ధమైన 386 సెంట్లకు బదులు 400 వద్ద, అనగా 14 సెంట్లు హెచ్చుగా పలుకును. తంబుర శ్రుతిపై మోహనరాగ గాంధారమును నిలిపి వినిన నది స్పష్టమగును. ఒక్కొక్క మెట్టు శ్రుతిని విడిగా సవరించు సదుపాయము కొన్ని కీబోర్డులలో గలదు. దుకాణమున నా సవరణను చేయించి వినవలెను. శ్రుతి మార్పు మీట గూడ ముఖ్యమే. పురుషుడు ఒకటిన్నరలోను, బాలిక ఐదున్నరలోను పాడునపుడు, నేర్చిన మెట్లమీదనే వ్రేళ్లు నడచును.

బరువును మఱువరాదు. మోడెక్స్‌లో 61 మెట్లది 6.6 కిలోలు, 88 మెట్లది 13.8 కిలోలు. ఇంటినుండి సభాస్థలికి, అచ్చటినుండి పందిరికి మోయువారు సంఘసభ్యులే. పియానో నేర్చువారికి 88 బరువు మెట్లు అవసరము. పద్యమునకు, భజనకు, లలితగీతమునకు 61 చాలును.

కొనుటకు పోవువారిలో కోశాధికారి యొక్కడే యుండరాదు. ఒక గాయకుడు, వాయించునట్టివాడు, నేర్వగోరు పిల్లవాడొకడు ఉండవలెను. మూడు వాద్యములమీదను ఒకే పాటను ఒకే శ్రుతిలో వాయించి, విక్రేత నమర్చిన ప్రదర్శన గీతమును ప్రక్కన బెట్టి వినవలెను. ధ్వనులు వేయి యున్నవనుట గొప్ప గాదు. వీణ, వేణువు, హార్మోనియము, మృదంగము, తబలా నమ్మదగినట్లు పలికిన చాలును. మరమ్మతు ఖరగపూరులో జరుగునా, కలకత్తాకు బంపవలెనా, హామీ యెన్నాళ్లు అనునవి వ్రాతమూలముగా దీసికొనవలెను. సంస్థలు వేఱైనను 1983లో వచ్చిన మిడి పద్ధతివలన నొకదానిని మఱొకదానితో గలుపవచ్చును. గనుక నేడు చిన్నది కొన్నంతమాత్రమున రేపటి దారి మూసికొనిపోదు.

తుదకు తేలునది యిది. నాటకములకు నేపథ్యసంగీతమును గూర్చి, సీక్వెన్సరును శ్రద్ధతో నభ్యసింపగలవారు సంఘమున నుండిన వర్కుస్టేషను కొనుట యుక్తము. అట్టివారు లేనిచో మన వాద్యధ్వనులుగల చిన్న కీబోర్డు కొని, మిగిలిన సొమ్మును వారమునకు రెండు దినములు పాఠము చెప్పు ఉపాధ్యాయునకై వెచ్చించుట మేలు. విలువగల యంత్రము గురువు లేక మూగవోవును. చిన్న యంత్రము గురువున్న పాడును. ఉగాదినాడు వేదికపై పిల్లల వ్రేళ్లక్రింద తెలుగుపాట శ్రుతిశుద్ధముగా పలికిననాడే సభ్యుల చందా సార్థకమగును.