కలక కాని ఎర్రకన్ను

మదనపల్లె టమోటా మార్కెట్‌లో కన్ను ఎర్రబడితే దుమ్ము పడిందంటాం. పుంగనూరులోనైనా కుప్పంలోనైనా పక్కింటివాళ్లకు వచ్చిందంటే కండ్లకలకేనంటాం. చాలాసార్లు అది నిజమే. కలకైతే పుసి కడుతుంది, పొద్దున రెప్పలు అతుక్కుంటాయి, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది, రెండు వారాల్లోపే చాలామందికి పోతుంది.

ఇంకో రకం ఎరుపు ఉంది. పుసి ఉండదు. ఎక్కువగా ఒక కంటికే వస్తుంది. వెలుతురు చూస్తే లోపల పోటు, చూపు మసక. తగ్గినట్టే తగ్గి కొన్ని నెలలకు మళ్లీ వస్తుంది. ఇది కంటి మధ్య పొర వాపు, యువైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి ఒంటి మీదికే తిరగబడినప్పుడు ఇలా కావచ్చు. పాతికేళ్ల కుర్రవాడికి కన్ను ఇలా ఎర్రబడుతూ, నిద్ర లేవగానే నడుము బిగుసుకుపోయి, నాలుగడుగులు తిరిగితే సడలుతుంటే, రెండూ ఒకే జబ్బు కావచ్చు. దాని పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. నడుము నొప్పి మూటలు మోయడం వల్లేననుకుంటాడు. కంటి డాక్టరుకు ఆ సంగతి చెప్పాలని తోచదు. చెప్పాలి, నాకైతే ఈ పూట చెప్పదలచింది ముఖ్యంగా ఇదే.

ఆడవాళ్లలో ఎక్కువగా కనబడేది ఇంకొకటి. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, నోరెండిపోయి గుప్పెడు బొరుగులు కూడా నీళ్లు లేకుండా దిగవు. పొయ్యి పొగ అనుకుని ఏళ్లు గడిపేస్తారు. 1933లో స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ ఈ ఎండు కళ్లకూ కీళ్లవాతానికీ సంబంధముందని చూపాడు. పరీక్ష చిన్నదే: కింది రెప్పలో కాగితం ముక్క 5 నిమిషాలు పెట్టి ఎంత తడిసిందో కొలుస్తారు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. ఎరుపు మాయమవుతుంది, జబ్బు దాక్కుంటుంది. డాక్టరు చూడకుండా వేస్తూ పోతే శుక్లాలు, నీటికాసులు రావచ్చు. పైగా కంటి లోపలి వాపుకు క్షయ కూడా కారణం కావచ్చు. ఆరోగ్యవరం క్షయ శానిటోరియం వెలసిన ప్రాంతం మనది, ఈ మాట మనకు కొత్త కాదు. అందుకే గట్టి మందులు మొదలుపెట్టే ముందు డాక్టరు ఛాతీ ఎక్స్‌రే అడిగితే కన్నుకూ ఛాతీకీ ఏం సంబంధమని విసుక్కోకండి.

పోటు, మసక ఉంటే ఆ రోజే చూపించుకోండి. పెద్దాసుపత్రిలో చూపించుకునేసరికి ఎరుపు తగ్గిపోవచ్చు కాబట్టి, ఎర్రగా ఉన్నప్పుడే ఫోనులో ఒక ఫొటో తీసి ఉంచుకోండి, తేదీతో సహా.