మా పిట్టల బ్యాచ్ ముచ్చట



మా పిట్టలు చూసే బ్యాచ్ ఈ ఏడాదితో ఆగిపోతోంది. గొడవేం లేదు. 2022లో ఇక్కడ వీకెండ్ మారాక ఒకరికి శుక్రవారం సెలవు, ఇంకొకరికి ఆదివారం. క్యాంపులు మారాయి, కొందరు క్యాన్సిల్ చేసుకుని ఊరెళ్లిపోయారు.

మొదలైంది ఒక దసరా నాడు. ఆ రోజూ డ్యూటీయే. సైటు బయట లైటు స్తంభం మీద పాలపిట్ట! నిజామాబాద్ తమ్ముడు హెల్మెట్ తీసి దండం పెట్టాడు. "ఊర్లో ఎంత తిరిగినా కనపడలే, ఇక్కడ కనపడ్డదన్నా" అన్నాడు. ఆంధ్రా తమ్ముళ్లు ఊరుకుంటారా? మా రాష్ట్ర పక్షి రామచిలుక కూడా ఇక్కడుందని మర్నాడే చూపించారు. రాస్ అల్ ఖోర్‌లో ఫ్లెమింగోలు చూస్తే సూళ్లూరుపేట అన్నది ఒకటే మాట: "ఇవి మా పులికాట్‌వే!"

నేను మరువలేనిది మాత్రం వేరే. తండ్రి పోతే లీవు దొరక్క ఊరెళ్లలేకపోయిన విశాఖ తమ్ముడు మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడలేదు. బలవంతంగా పార్కుకు తీసుకెళ్లాం. గడ్డిలో తలమీద కుచ్చున్న పిట్ట ఒకటి పొడవాటి ముక్కుతో మట్టి పొడుస్తోంది. తోటపని చేసే పఠాన్ "హుద్‌హుద్" అన్నాడు. తమ్ముడు ఉలిక్కిపడ్డాడు. "2014లో మా ఇంటి రేకులు లేపేసిన తుఫానుకి ఈ పిట్ట పేరా అన్నా?" అని నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. ఆ రేకులు మళ్లీ వేసింది వాళ్ల నాన్నేనట.

బైనాక్యులర్స్, పిట్టల పేర్లు రాసుకున్న నోటుబుక్ మన సంఘానికి ఇచ్చేశాం. ఎవరైనా తీసుకెళ్లొచ్చు. బైనాక్యులర్స్‌లో ఎడమవైపు అద్దం కొంచెం మసక.