గోడలోని ఖాళీ: అట్ట నమూనా నేర్పే పాఠం



ప్లాటినం జూబ్లీ జరుపుకొనే బడిలో పిల్లలు అట్టతో తమ బడి నమూనాను చేసి ప్రదర్శనకు పెట్టడం పరిపాటి. చూచేవారి దృష్టి ముందుగా పైకప్పు రంగు మీద, ముంగిట నాటిన పచ్చకాగితపు చెట్ల మీద పడుతుంది. చేసినవాని నేర్పు మాత్రం గోడలలో కోసిన కిటికీల వద్ద, దర్వాజాల వద్ద తెలుస్తుంది. మంజీరకు ఈవల ఉన్న బిలోలిలో తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. దర్వాజా మూడు భాషలకూ ఉమ్మడి మాట. తెలుగువారి కిటికీ మరాఠీలో ఖిడ్కీ, ఉర్దూలో ఖిర్కీ. మాట కలిసినట్లే పనిలోని మెలకువ కూడా అందరికీ ఒక్కటే.

మొదటి మెలకువ కొలత. నమూనా 1:50 నిష్పత్తిలో ఉన్నదనుకొందాము. 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తు గల గోడ అట్ట మీద 12 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల ఎత్తు అవుతుంది. మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల దర్వాజా 2 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్లు అవుతుంది. నేల నుండి 75 సెంటీమీటర్ల ఎత్తున మొదలయ్యే కిటికీ అట్ట మీద ఒకటిన్నర సెంటీమీటరు పైన మొదలవుతుంది. దాని పై అంచు, దర్వాజా పై అంచు ఒకే గీత మీదికి రావాలి. లెక్కల పుస్తకంలోని నిష్పత్తి ఇక్కడ వేళ్ళకు తెలుస్తుంది.

రెండవ మెలకువ వరుస. గోడలను అతికించక ముందే, అట్ట బల్ల మీద చదునుగా ఉండగానే ఖాళీలు కోయాలి. నాలుగు మూలలలో గుండుసూదితో గుచ్చితే వెనుకవైపు కూడా గుర్తు పడుతుంది. ఇనుప స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో, స్కేలు పట్టిన చేతికి దూరంగా, ఒక మూల నుండి సగం వరకు కోసి, అట్టను తిప్పి రెండవ మూల నుండి సగానికి రావాలి. అప్పుడు కోత మూల దాటి పోదు. ఒక్క ఊపులో తెగవలెనని బలంగా నొక్కే విద్యార్థి అట్టను చింపుతాడు. తేలికగా నాలుగైదు సార్లు గీసేవాని అంచు నున్నగా వస్తుంది. దర్వాజా క్రింద గడప వద్ద సన్నని పట్టీని వదలి, గోడ పీఠానికి అతికిన పిమ్మట కోస్తే గోడ కాళ్ళు వంగవు.

మూడవ మెలకువ మందము. పాత రాతి గోడ 75 సెంటీమీటర్ల మందం ఉంటే నమూనాలో అది ఒకటిన్నర సెంటీమీటరు. పలుచని అట్టలో కోసిన ఖాళీ చుట్టూ అంత వెడల్పు గల పట్టీలను లోపలివైపు అతికిస్తేనే అది రాతి గోడలోని కిటికీవలె కనబడుతుంది.

ఇంతవరకు చేతిపని. అసలు పాఠం ఆపైన ఉన్నది. కిటికీని గోడ మూలకు మరీ దగ్గరగా కోసిన విద్యార్థి, అతికించే వేళ ఆ సన్నని ముక్క చేతిలోనే వంగిపోవడం చూస్తాడు. రెండు కిటికీల నడుమ చాలినంత గోడ వదలకపోతే అదీ అంతే. అట్ట రాయి కాదు. నమూనా గట్టిగా ఉన్నంత మాత్రాన ఇల్లు గట్టిదని అనుకోరాదు. అయినా గోడ ఎక్కడ బలహీనపడుతుందో అట్ట ముందుగా చూపిస్తుంది.

మరాఠ్వాడా ప్రజలకు ఇది చిన్న మాట కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారి భూకంపం లాతూరు జిల్లాలోను, నాటి ఉస్మానాబాద్ జిల్లాలోను వేలాదిమంది ప్రాణాలు తీసింది. మట్టితో పేర్చిన మందపు రాతి గోడలు, వాటిపై బరువైన మట్టి కప్పులు నిద్రిస్తున్నవారి మీద కూలినవి. గోడ లోపలి, వెలుపలి పొరలను కలిపే పొడవు రాళ్ళు లేకపోవడం, గోడలన్నిటినీ కట్టి ఉంచే పట్టీ లేకపోవడం ముఖ్య లోపములు. కిటికీలు, దర్వాజాలు చిన్నవిగా, మూలలకు దూరంగా, ఒకదానికొకటి ఎడంగా ఉండాలని, వాటిపై లింటెల్ మట్టాన ఇల్లంతా చుట్టివచ్చే పట్టీ ఉండాలని ఇంజనీర్లు చెబుతారు. నమూనా చేసే విద్యార్థి కిటికీలపైన నాలుగు గోడలనూ చుట్టి ఒక అట్టపట్టీని అతికించి చూడవచ్చు. అంతవరకు ఊగిన గోడలు ఒక్కటై నిలుస్తాయి. పదిమాటలలో చెప్పినా అందని సంగతి ఆ ఒక్క పట్టీతో అర్థమవుతుంది.

నేటి విద్యార్థి రేపు ఇల్లు కట్టుకొనే గృహస్థు. కొందరు మేస్త్రీలు, ఇంజనీర్లు కూడా కావచ్చు. నాడు వెలుతురు కోసం గోడ కోయించేటప్పుడు, చిన్ననాడు చేతిలో వంగిన ఆ అట్టముక్క గుర్తుకు వస్తే, మూలకు మరికొంత దూరం జరిపి గీత గీయిస్తాడు. బడి నమూనా బహుమతి పొందినా పొందకపోయినా, ఆ ఇంటిలో నిద్రించేవారికి అంతకు మించిన మేలు లేదు.