ఎత్తని కాల్ కూడా ప్రమాదమే



2017 సెప్టెంబరులో సౌదీ నెట్ కాల్స్‌పై ఆంక్షలు సడలించినప్పుడు ఉనైజాలో మనమెంత సంబరపడ్డామో గుర్తుందా? 2019 మేలో వాట్సాప్ కాలింగ్‌లోనే లోపం బయటపడింది. కాల్‌తో వచ్చే డేటా కేటాయించిన మెమరీ దాటి పొంగేది. ఫోను ఎత్తకపోయినా పెగాసస్ దూరేది! దాదాపు 1,400 మంది ఫోన్లు గురయ్యాయి. వాళ్ళలో మన దేశపు లాయర్లు, జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలూ ఉన్నారు. దాన్ని తయారుచేసిన ఎన్‌ఎస్‌ఓ, ప్రభుత్వాలకే అమ్ముతామంటుంది. మరి మనవాళ్ళ కోసం కొన్నదెవరు? సుప్రీంకోర్టు కమిటీకి కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో జస్టిస్ రమణగారే చెప్పారు. మన ఎంపీలకు ఉత్తరం రాశాను, సంతకాలు కావాలి. క్యాంపుల్లోని అన్నలూ, నెట్ ఖర్చని అప్‌డేట్లు ఆపకండి. శుక్రవారం నా గదికి ఫోన్లు పట్టుకు రండి, వైఫై ఉంది.